ఖాళీగా ఉండాల్సిన ఫైలు

ఈ మాట ఇంతవరకు నోటితో ఎవరికీ చెప్పలేదు. మల్లేశ్వరి అక్క కనబడకుండా పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. పండ్లు కొరుక్కునేంత కోపం. పనంతా నా నెత్తిన పడేసి, ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందే అని.

ఆదోనిలో మేం పనిచేసే ఫోటో స్టూడియోకు ఓనరు గోవిందన్న. "షూటింగుకు రమ్మంటే రాలే. కెమెరా ఎత్తుకోని ఎవనితోనో లేసిపోయింది, దొంగది" అని బజారంతా చెప్పినాడు. నేను నమ్మినాను. ఎమ్మిగనూరు నుంచి వాళ్లమ్మ హనుమంతమ్మ ఫోన్ చేస్తే కట్ చేస్తా వచ్చినాను. పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి. తోటి కూలోళ్లు "మీ పాప కెమెరా ఎంతకమ్మిందంట?" అని నవ్వుతుంటే తలెత్తలేకుండా ఉందని విన్నాను. అయినా కట్ చేసినాను.

కంప్యూటరు నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. సగం యూట్యూబు, సగం మల్లేశ్వరి అక్క. మేం పెండ్లి వీడియోలన్నీ నల్ల తెర మీద కమాండ్ కొట్టి క్లౌడ్‌లో దాస్తాం. ఆదోని కస్టమర్లకు ఒక అకౌంటు, ఎమ్మిగనూరోళ్లకు ఇంకోటి, ఉరుకుంద జాతర వీడియోలకు మరోటి. ఒక్కో అకౌంటుకు ఒక్కో కాన్ఫిగ్ ఫైలు, బీరువాకు తాళంచెవి ఉన్నట్టు. కమాండ్ కొట్టేటప్పుడు ఏ ఫైలు వాడాలో పేరు చెప్పాలి. చెప్పకపోతే అది డిఫాల్ట్ ఫైలు తీసుకుంటుంది.

అందుకే అక్క డిఫాల్ట్ ఫైలును ఎప్పుడూ ఖాళీగా ఉంచేది.

"పేరు సెప్పకుండా కొడితే ఎర్రర్ రావాల కృపా. ఒగరి పెండ్లి ఇంగొగరి ఇంట్లోకి పోయిందంటే మనల్ని తరుముకుంటారు" అని నవ్వేది. మిగతా ప్రతి ఫైలులోనూ మొదటి వరుసలో అది ఎవరిదో రాసేది. 'ఇది ఆదోనిది.' 'ఇది ఉరుకుందది.' ఆ అలవాటు ఆమెది, ఇంకెవరికీ లేదు.

ఈరోజు మధ్యాహ్నం గోవిందన్న అన్నానికి పోతా పోతా తలుపు సందులోంచి తొంగి చూసినాడు.

"ఎమ్మిగనూరు పెండ్లి ఎక్కించినావా?"

"ఎక్కిస్తాండా అన్నా."

"నిన్నట్నుంచి ఇదే పాట. ఆ దొంగదే నయం, సిటికెలో ఎక్కించేది. రేపు తెల్లారుతూనే కాలవ కాడ ప్రీవెడ్డింగు షూటింగుంది. నువ్వు రావాల."

"ఇంకెవరొస్తారన్నా?"

"పెండ్లికొడుకోళ్లు ఆడికే వస్తారు. నువ్వు నా బండెక్కు, సాలు."

షట్టరు సగం దించి పోయినాడు. ఎడిటింగ్ గదికి కిటికీ లేదు. బయట ఎండ మండిపోతున్నా లోపల చీకటే. కాగిన దుమ్ము వాసన, ఆల్బం గమ్ము వాసన. 'ఆ దొంగదే నయమా?' అని ఉడికిపోతా కమాండ్ కొట్టినాను. కొట్టినాక చూసుకున్నాను. ఫైలు పేరు చెప్పలేదు.

ఎర్రర్ రావాలి.

రాలేదు. వీడియో ఎక్కుతా పోయింది. నూటికి నూరు... అయిపోయింది.

డిఫాల్ట్ ఫైలు తెరిచినాను. నిండా ఉంది. మొదటి వరుసలో, 'ఇది మల్లేశ్వరిది.'

ఒళ్లు మండింది. పోతా పోతా ఈ వేషం కూడా వేసి పోయిందా? అంతా చెరిపేసినాను. మళ్లీ తెరిచి చూసినాను. ఖాళీ. పేరు చెప్పకుండానే మళ్లీ కొట్టినాను, ఎర్రర్ వస్తుందేమో చూద్దామని.

ఎక్కింది.

కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా నిలిచిపోయింది. కంప్యూటరు, నెట్టు మాత్రం యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తున్నాయి. అప్పుడు తెలిసింది వాసన... గమ్ముది కాదు. బురద. పాచి పట్టిన నీళ్లు.

వీడియో ఎక్కిన ఆ అకౌంటులో ఏముందో చూపించమని కొట్టినాను. నేనెక్కించిన పెండ్లి లేదు. ఫోటోలున్నాయి. అన్నిటి పేర్ల ముందూ ఆ పోయిన కెమెరా నంబరే. అన్నిటి మీదా ఈరోజు తేదీ. నేను చూస్తుండగానే కింద ఇంకోటి చేరింది.

మొదటిది తెరిచినాను. పచ్చటి చీకటి. రెండోది... నీళ్లు. నీళ్ల అడుగునుంచి పైకి తీసింది. వెలుతురు ముక్కలు ముక్కలుగా ఆడుతోంది. మూడోది... కాలవ గట్టు. గట్టు మీద వంగి నీళ్లలోకి చూస్తున్న మనిషి. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది.

గోవిందన్న.

ఇన్నాళ్లు నేను ఎవరి మీద కోపం పెట్టుకున్నాను! ఎవరి అన్నం తింటా, ఎవరికి అన్నా అన్నా అంటా వచ్చినాను!

"కృపా..." అక్క గొంతు, చెవి పక్కనే. ఊపిరంత మెల్లగా. "పేరు సెప్పు..."

తిరగలేదు. తిరగలేకపోయినాను. తెర మీద నాలుగోది దానంతట అదే తెరుచుకుంది. చీకటి గది. వెలుగుతున్న తెర. దాని ముందు ఒక అమ్మాయి వీపు. జడ కొననుంచి నీళ్లు కారుతున్నాయి.

చెయ్యి వెనక్కి పెట్టి నా జడ పట్టుకున్నాను.

తడి.

షట్టరు దబ్బున లేచింది. తెర మీద ఏమీ లేదు, నల్లగా ఉంది.

"ఏం జేస్తాండావు చీకట్లో?" గోవిందన్న గడప దగ్గరే ఆగినాడు. గాలి పీల్చినాడు. మొహం పాలిపోయింది. "ఈడికి... కాలవ వాసనెట్లొచ్చింది?"

నేనైతే కాలవ అనలేదు.

"నాకేం రాలేదన్నా" అన్నాను. నా గొంతు వణకలేదు. కోపం పట్టి ఉంచింది. ఆయన లోపల అడుగు పెట్టలేదు. "తెల్లారి మర్చిపోవద్దు" అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చి నా సొంత ల్యాప్‌టాప్ తెరిచినాను. సెకండ్‌హ్యాండుది. స్టూడియో ఫైలు ఒక్కటి కూడా దీంట్లోకి ఎప్పుడూ రాలేదు. అన్నీ ఇక్కడ రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

తెర మీద ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంది. నేను చేసింది కాదు. లోపల ఒకటే వరుస.

'ఇది కృపది.'

కీబోర్డు సందుల్లో సన్నటి బురద ఉంది. తుడిస్తే మళ్లీ వస్తోంది.

ఫోనులో మెసేజ్ మోగింది. గోవిందన్న. 'నేనే ఇంటికాడికి వస్తా. రెడీగుండు.'

 ఇన్నాళ్లు కట్ చేస్తా వచ్చిన నంబరు వెతికినాను. మొదట ఏం చెప్పాలో తెలియదు... నీ కూతురు దొంగ కాదమ్మా, అదొక్కటి తెలుసు.

హనుమంతమ్మకు ఫోన్ చేస్తాను. ఇప్పుడే.