గూడుబండి పరుపు కింద

అమ్మవారి తీర్థం నాటి పొద్దున్నే తాతబ్బాయి ఎడ్లను కాలవలో కడిగి తెచ్చేసరికి, అతని భార్య కృష్ణవేణి బండి వెనక నిలబడి గూటి లోపలి గుడ్డకి ఆఖరి కుట్లు వేస్తోంది. స్వరాజ్యం వచ్చిన మూడో ఏడది. కొత్తపేట దగ్గర ఆ ఊళ్లో గూడుబండ్ల పందెమంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. లోపల ఎన్ని సోకులైనా చేసుకోవచ్చు గానీ, ఇంటివాళ్లు ఎక్కి తిరిగే బండిలోంచి ఒక్క చెక్కముక్క కూడా తీయకూడదని పెద్దల కట్టుబాటు.

గూటికి గుడ్డ వెయ్యమని, పరుపుకి గలేబు కుట్టమని ఈసారి తాతబ్బాయే అడిగాడు. మొగుడు తన కుట్టుపని కోరి అడగడం పెళ్లయ్యాక ఇదే మొదలు. కృష్ణవేణికి కాలు నేల మీద ఆగలేదు. పెట్టెలోని పాత చీరలన్నీ కత్తెర పాలయ్యాయి.

గలేబు నలిగిపోతుంది, ఎవరూ ఎక్కొద్దని పరుపు తనే పరిచాడు తాతబ్బాయి. అయితే అతని తల్లి లోవమ్మకి ఆత్రం ఎక్కువ.

"ఓపాలి కూచుని చూత్తానే కోడలా!" అంటూ ఎక్కేసింది. కూర్చుందో లేదో, పరుపుతో సహా కిందికి దిగబడింది. "అమ్మో, నా నడుం!"

కృష్ణవేణి ఆవిణ్ణి లేవదీసి పరుపెత్తి చూసింది. బండి అడుగున ఉండాల్సిన టేకు పలకలు లేవు. వాటి చోట పల్చటి వెదురు తడక.

"ఏవండీ, పలకలేవండీ?"

తాతబ్బాయి ఎడ్ల పగ్గాలు సర్దుతూ చెప్పాడు. "గడ్డిమేటు వెనకాల పెట్టేను. బరువు తగ్గితే ఎడ్లు తేలిగ్గా లాగుతాయి. పైన నీ గలేబు ఉందిగా, ఎవడు చూత్తాడు?"

"అంటే, ఇది కప్పిపెట్టడానికా నాచేత కుట్టించేరు?"

"దానికింత రాద్ధాంతమేంటే? పోయినేడు బెత్తెడులో పోయింది పందెం!"

"మీకు నచ్చుద్దని కుట్టేనండి. వేళ్లు పొక్కులెక్కేదాకా కుట్టేను." ఆమె కళ్లు తుడుచుకుంది. కత్తెర తీసి గలేబు కుట్లు విప్పడం మొదలెట్టింది.

"ఒరే అబ్బాయ్," అంది లోవమ్మ నడుం పట్టుకునే. "నడుం నాది, ఏడుపు దానిది. గెలుపు మాత్రం నీదా?"

తాతబ్బాయి మొహం మాడిపోయింది. భార్య చేతిలోంచి కత్తెర మెల్లిగా తీసుకుని పక్కన పెట్టి, పలకల కోసం గడ్డిమేటు వెనక్కి నడిచాడు.

పందెం దగ్గర ఊరిపెద్ద ఎర్రయ్యగారు అడక్కుండానే తాతబ్బాయి పరుపెత్తి ఆయనకి పలకలు చూపించాడు. అతని బండి మూడోదిగా వచ్చింది.

తిరుగుదారిలో తాతబ్బాయి పగ్గాలు తమ్ముడు సత్యానికిచ్చి, వెనక భార్య పక్కన కూర్చున్నాడు. మొదటిసారిగా తలెత్తి గూటి లోపలి గుడ్డ కేసి చూశాడు. పాతచీరల ముక్కలతో గోదారి పారుతోంది. దాని మీద ఒక పడవ, పడవలో పసుపుచీర కట్టుకున్న పెళ్లికూతురు, పక్కన తలపాగాతో ఒక మనిషి.

"నిన్ను కాపరానికి తెచ్చిన రేవు కదే ఇది!"

"ఆయ్."

"ఆ రోజు రేవు దాటేదాకా ఏడుత్తూనే ఉన్నావు."

"మా అమ్మని వదిలొచ్చేను కదండీ మరి."

"ఇయ్యాల నేనేడిపించేను." తాతబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయిపోయింది వేణీ. ఇంత కుడితే కళ్లెత్తి చూడనైనా లేదు నేను."

"ఊరుకోండి. ముందు మరిది ఉన్నాడు, వింటాడు."

"విననీ," అన్నాడు తాతబ్బాయి, పొక్కులెక్కిన ఆమె వేళ్లను రెండు చేతుల్లోకీ తీసుకుంటూ.