జంటకొండల సందులో పరీక్ష

2071 నాటికి పాడేరు కొండల్లో ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. కాఫీ బస్తాలూ, పంతుళ్లూ, పెళ్లివారూ, అందరూ గాలిబండ్లలోనే కొండ నుంచి కొండకు తిరిగేవారు. వాటిని నడపడం నేర్పే బడి పాడేరులోనే ఉండేది.

ఆ బడికి ప్రాణం పవనదర్శిని. దాన్ని కనిపెట్టింది డాక్టర్ సారంగపాణి. కొండల మధ్య గాలి కంటికి కనబడదు. ఉన్నట్టుండి బండిని కిందికి నొక్కేస్తుంది. పవనదర్శిని ముందుకు లేజర్ కిరణాలు పంపి, ధూళి కదలికను బట్టి, క్షేమమైన గాలిని ఆకుపచ్చగా, ప్రమాదకరమైన గాలిని ఎర్రగా ముందు అద్దం మీద చూపిస్తుంది. మాట్లాడుతుంది కూడా.

ఆ ఉదయం కొర్రా దమయంతికి ఆఖరి పరీక్ష. గట్టెక్కితే కొండల్లో అంబులెన్సు నడిపే ఉద్యోగం ఆమెదే. వెనక సీట్లో పరీక్షకుడిగా సారంగపాణి. అనంతగిరిలో ఆయన మనవరాలి బారసాల. పాప చెవిలో పేరు చెప్పాల్సింది ఆయనే. పరీక్ష, ప్రయాణం రెండూ కలిసొస్తాయని ఈ బండే ఎక్కారు.

దారిలో జంటకొండల సందు వచ్చింది. అద్దమంతా పచ్చగా ఉంది.

"పోనివ్వమ్మా! ఇలా అయితే ఐదు నిమిషాలు. చుట్టూ తిరిగితే అరగంట, ముహూర్తం దాటిపోతుంది" అన్నారాయన.

దమయంతి వేగం తగ్గించింది. "సందు మరీ ఇరుకు సారూ. లోపల గాలి మారితే బండి తిప్పుకోడానికి జాగా నేదు."

"గాలి మారదు. అద్దం చూడు!"

"సూసాను సారూ. ఆ అంచున వెదుళ్లు కూడా సూసాను. గాలికి కిందికి వంగిపోతన్నాయి."

"నా ముప్పై ఏళ్ల పరిశోధన కంటే నీకు వెదుళ్లు ఎక్కువా? పోనివ్వమంటున్నానా! మార్కులు వేసేది నేను."

దమయంతి మళ్లీ వెదుళ్ల వైపు చూసింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. అయినా బండిని వెనక్కి తిప్పేసింది.

"పరీక్ష ముగిసింది. కొర్రా దమయంతి పాసయ్యారు" అంది పవనదర్శిని. వెనకవైపు చూపే తెర మీద సందు మొత్తం ఎర్రబారింది. "నేను చూపించిన పచ్చరంగు అబద్ధం. ముందుకు పోనిచ్చి ఉంటే నేనే బండిని ఆపేసేదాన్ని."

"అబద్ధమా! ఎవరు ఆడమన్నారు నిన్ను?" అన్నారు సారంగపాణి.

"మీరే. పైలట్లు నన్ను గుడ్డిగా నమ్మేస్తున్నారని, ఆఖరి పరీక్షలో ఒక్కసారి అబద్ధం ఆడమని నిరుడు చెప్పారు. ఎక్కడ ఆడతానో మీకు కూడా చెప్పొద్దన్నారు." మళ్లీ అంది: "పరీక్ష ఇద్దరూ రాశారు డాక్టర్ గారూ. ఒక్కరే పాసయ్యారు."

సారంగపాణికి నిరుడు తను చెప్పిన మాట గుర్తొచ్చింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి దమయంతికీ నవ్వాగలేదు.

అనంతగిరి చేరేసరికి ఆలస్యమే అయింది. కానీ పాప గాఢంగా నిద్రపోతోంది. లేపే ధైర్యం పురోహితుడికి కూడా లేకపోయింది. పాప లేచాక తాతగారు తీరుబడిగా చెవిలో పేరు చెప్పారు.

సోమవారం కొత్త బ్యాచ్ మొదలైంది. హాజరు పట్టీలో చివరి పేరు చదివి, బడి మాస్టారు తడబడి ఆగిపోయాడు. అరవై ఎనిమిదేళ్ల సారంగపాణి బెంచీలోంచి లేచి నిలబడ్డారు.

"ప్రెజెంట్ సార్!"