సౌజన్య తినేసిన పరమాణువు

థామ్సన్ గారి పరమాణువు మీద ఉప్పూ కారం జల్లుకుని, సౌజన్య ఆఖరి ముక్క కొరుకుతుండగా బిందు వచ్చింది.

ఇద్దరిదీ ఎనిమిదో తరగతి. మర్నాడే బడిలో సైన్స్ ఫెయిర్. పరమాణువు గురించి ఒకరి తర్వాత ఒకరు ఏమనుకున్నారో చూపించాలి. బిందు మూడు నమూనాలు చేసి సౌజన్య ఇంట్లో పెట్టి వెళ్లింది. పరమాణువు ముక్కలవదని డాల్టన్ అన్నాడు గనక గచ్చకాయ. లోపల ఎలక్ట్రాన్లు పొదిగి ఉన్నాయని థామ్సన్ అన్నాడు గనక గింజలతో సగం పుచ్చకాయ. లోపలంతా దాదాపు ఖాళీయే, మధ్యలో చిన్న కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ అన్నాడు గనక బుట్టలో దారానికి వేలాడే పెసరగింజ. బోర్ చెప్పిన కక్ష్యలు సౌజన్య వంతు. గాజులతో చేసింది.

"అదేంటే, తినేసేవా?"

"తప్పని తేలిపోయినవి ఎందుకే? ఆఖరిదే కదా కరెక్టు. అదొక్కటి చాల్లే."

"మా అమ్మ రాజోలు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందే."

బిందు గచ్చకాయ, బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. చేతిలో ముక్క సౌజన్యకు అంత తీపిగా అనిపించలేదు. అయినా పూర్తి చేసింది.

మర్నాడు గాజుల పరమాణువు పక్కన ఒక్కతే నిలబడింది. సైన్సు చెప్పే దేవదానం మాస్టారు వచ్చారు.

"మధ్యలో కేంద్రకం ఉందని ఎలా తెలిసిందమ్మా?"

"పుస్తకంలో ఉందండి."

"పుస్తకం రాసినోళ్లకి?"

సౌజన్య గాజులకేసి చూసింది.

"థామ్సన్ గారి శిష్యుడే రూథర్‌ఫర్డ్. గురువుగారి బొమ్మకి పొసగని ఫలితం వస్తేనే గదమ్మా కేంద్రకం బయటపడింది! ఆయన దగ్గర పనిచేసిన బోర్ ఇంకో మెట్టు ఎక్కేరు. ఆ బొమ్మా తర్వాత మారిపోయింది. మరి నీ బల్ల మీద ముందువేవీ?"

బోర్ గారిదీ మారిపోయిందట! నిన్నటి లెక్క ప్రకారం గాజుల్నీ తినెయ్యాల్సిందే. సౌజన్యకు నవ్వు రాలేదు. పుచ్చకాయను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్న బిందు వాళ్లమ్మ జయమ్మగారే కళ్లలో మెదిలారు.

బిందు వరండా మెట్ల మీద ఉంది.

"బిందూ, గచ్చకాయ ఇస్తావా?"

"తింటావా?"

సౌజన్య తల దించుకుంది. బిందు గచ్చకాయ, బుట్ట ఆమె చేతుల్లో పెట్టింది.

బల్ల మీద ముందు గచ్చకాయ. తర్వాత ఖాళీ పళ్లెం. ఆ తర్వాత బుట్ట, గాజులు. పళ్లెం ముందు అట్టముక్క మీద సౌజన్య పెద్ద అక్షరాలతో రాసింది: "థామ్సన్ నమూనా, పుచ్చకాయ. బిందు తెచ్చింది. సౌజన్య తినేసింది."

చదివినవాళ్లంతా నవ్వారు. సౌజన్య అట్ట తియ్యలేదు.

"పుచ్చకాయలో ఏం చూపించాలక్కా?" అని ఆరో తరగతి పిల్ల ఎవరో అడిగింది.

బిందు వచ్చింది. సౌజన్యతో మాట్లాడలేదు. గింజలు ఎక్కడెక్కడ ఉండేవో ఖాళీ పళ్లెంలో వేలితో చూపిస్తూ ఆ పిల్లకు చెప్పసాగింది.

సౌజన్య పక్కకు జరిగి చోటిచ్చింది.