అల్లుడి మోచేయి

ఆ ఉదయం ఎదిల్సా వంటింట్లో ఓహాల్ద్రాలు వేయిస్తోంది. నూనెలో పొంగుతున్న ఆ రొట్టెల వాసన వీధి మలుపు దాకా పాకింది. మామూలుగా అయితే మొదటి రొట్టె తన పళ్ళెంలో పడేదాకా ఒల్మేదో వంటింటి గుమ్మం వదలడు. ఆ రోజు మాత్రం పెరట్లో కుర్చీ వేసుకుని, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, గోడకి వేలాడుతున్న పాత పరుపు వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఓడింది నీ కుర్రాళ్ళు. మధ్యలో నా రొట్టెలేం పాపం చేశాయి?" అని లోపల్నుంచి ఎదిల్సా కేకేసింది.

"వస్తున్నా."

"ఆ మాట అని అరగంటయింది. ఇంకో అరగంట ఆగితే కోళ్ళకి వేసేస్తా."

ఒల్మేదో ఎర్రేరా జిల్లా బేస్‌బాల్ జట్టుకి బ్యాటింగ్ కోచ్. నదికి ఇవతల చిత్రే ఊళ్ళో అతని ఇల్లు. నది దాటితే లోస్ సాంతోస్ జిల్లా. ఈసారి వరస ఆటల ఫైనల్ పోటీ ఆ రెండు జిల్లాల మధ్యే. నిన్న లోస్ సాంతోస్ వాళ్ళు వీళ్ళని చిత్తుగా ఓడించి, చెరిసగం ఆటలతో పోటీ సమానం చేశారు. ఆదివారం ఆఖరి ఆట. ఓడించినవాడు ఎవరో కాదు, ఇంటల్లుడే. బంతి విసరడంలో అవతలి జట్టుకి పెద్ద దిక్కయిన ఎలియేసర్, గ్వరారేలో కట్టుకుంటున్న ఇంటికి కప్పు పడేదాకా, భార్యతో సహా అత్తవారింట్లోనే ఉంటున్నాడు.

ఊరు ఊరుకుంటుందా? పక్కింటి దోన్యా ఫుల్వియా అప్పుడే గోడ మీంచి తల ఎత్తింది.

"ఎదిల్సా! పాముకి పాలు పోస్తున్నావా, కాఫీ పోస్తున్నావా?"

"పంచదార కూడా కలుపుతున్నానమ్మా. అల్లుడాయె!"

తడి తల తుడుచుకుంటూ ఎలియేసర్ పెరట్లోకి వచ్చాడు. గెలిచిన మనిషి నడక దూరం నుంచే తెలుస్తుంది. "మామయ్యా, మీ జట్టు పిల్లలకి కళ్ళజోళ్ళు నేను కొనిపెడతా. ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పండి," అన్నాడు నవ్వుతూ. వేరే రోజయితే ఒల్మేదో దానికి రెట్టింపు జవాబు చెప్పేవాడే. ఇప్పుడు పెదవులు మాత్రం కదిలించాడు. కూతురు యారిసెల్ పళ్ళెం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. రొట్టె పక్కన తెల్ల చీజ్ ముక్కలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. ఆమె తండ్రి ముఖంలోకి చూడలేదు.

ఒల్మేదోకి మనుషుల ముఖాల కంటే వీపులు బాగా తెలుసు. కుర్రతనంలో అమెరికా చిన్న లీగుల్లో కొన్నాళ్ళు ఆడి, మోకాలు దెబ్బతిని తిరిగొచ్చి, ఆ తర్వాత సగం జీవితం సొంత జిల్లాకే ఆడాడు. మైదానం వెనకాల, నట్టనడుమ, గోడకి ముందు నిలబడే ఆటగాడు. అక్కణ్ణుంచి బంతి విసిరేవాడి వీపే కనిపిస్తుంది. భుజం ఎంత వాలితే ఏ బంతి రాబోతోందో, తను ఎటు పరిగెత్తాలో, ఆ వీపులు చూసే పట్టేవాడు. కాళ్ళు మొరాయించాక ఆ కళ్ళే అతనికి కోచ్ పని ఇప్పించాయి. కప్పు మాత్రం ఆటగాడిగానూ కోచ్‌గానూ ఒక్కసారి కూడా చేతికి రాలేదు.

ఆ కళ్ళే ఇప్పుడు కొంప ముంచాయి. ఫైనల్ మొదలయ్యే ముందు ఒక సాయంత్రం, పెరట్లో ఎలియేసర్ ఆ పరుపు మీదికి బంతులు విసురుతున్నాడు. ఒల్మేదో వెనక కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎలియేసర్‌కి అన్నం పెట్టేది మెల్లబంతి. చేయి వేగంగానే తిరుగుతుంది, బంతి మాత్రం తాపీగా వస్తుంది. కొట్టేవాడు ముందే బ్యాటు ఊపేసి వెర్రిమొహం వేస్తాడు. ఆ బంతి కోసం చేతి తొడుగు లోపల వేళ్ళతో పట్టు వెతుక్కునేటప్పుడు మాత్రం, అల్లుడి ఎడమ మోచేయి డొక్క వదిలి బయటికి వస్తోంది. మరే బంతికీ రావడం లేదు.

"అయ్యయ్యో, ముందే చెప్పేస్తున్నాడే!" అని ఒల్మేదో నోరు జారాడు.

పక్కనే బట్టలు ఆరేస్తున్న యారిసెల్ ఆ మాట విన్నది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి అంతకంటే వివరం అక్కర్లేదు. మొగుడు స్నానానికి వెళ్ళగానే తండ్రి పక్కన చతికిలబడింది.

"నాన్నా, మెక్సికో క్లబ్బు మనిషి ఆటగాళ్ళని ఏరుకోవడానికి ఈ ఆటలకి వస్తున్నాడు. ఎలియేసర్‌కి ఇరవై తొమ్మిది. ఇది తప్పితే మళ్ళీ పాల వ్యాను తోలుకోవడమే. మీవాళ్ళకి చెప్పకు. అతనికీ చెప్పకు, తెలిస్తే చేయి బిగుసుకుపోతుంది. చిన్నప్పట్నుంచీ నిన్ను నేనేమీ అడగలేదు."

అదీ నిజమే. అడగడానికి తండ్రి ఇంట్లో ఉంటే కదా! ఆమె పుట్టినరోజులన్నీ అతను ఏదో ఒక ఊరికి పోయే బస్సులోనే గడిపాడు. తలూపాడు. జట్టుకి చెబితే కూతురికి ద్రోహం, అల్లుడికి చెబితే జట్టుకి ద్రోహం, ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ ద్రోహం కాదని సర్దిచెప్పుకున్నాడు. ఎంత తెలివి! నిన్న బెంచీ మీద కూర్చుని, ఆ మోచేయి బయటికి వచ్చిన ప్రతిసారీ తన పిల్లలు గాలిని కొడుతుంటే, కక్కలేక మింగలేక చచ్చాడు.

గేటు చప్పుడైంది. వచ్చినవాడు బెనిగ్నో, జట్టు కెప్టెన్. ముప్పై ఏడేళ్ళ మనిషి, ఒల్మేదో చేతుల్లో బ్యాటు పట్టుకోవడం నేర్చినవాడు.

"రా, రొట్టె తిను," అంది ఎదిల్సా.

"కూర్చోనమ్మా. ఒక్క మాట చెప్పి పోతా. మాస్టారూ, ఆదివారం నన్ను తీసెయ్యండి."

"ఏం వాగుతున్నావురా?"

"నా కళ్ళు పోయాయి మాస్టారూ. నిన్న ఎన్నిసార్లు దిగితే అన్నిసార్లూ బంతి రాకముందే ఊపేశాను. మా ఆవిడ సిగ్గుతో మొహం తిప్పుకుంది. పరువు ఉండగానే పోవాలి. ఈ బ్యాటు కొత్త కుర్రాళ్ళకి ఎవరికైనా ఇవ్వండి." అని బ్యాటు తెచ్చి బల్ల మీద, పళ్ళేల పక్కన పెట్టాడు.

"నీ కళ్ళకేం కాలేదురా, బెనిగ్నో."

"ఓదార్చకండి. మీరు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నాకోసం ఇప్పుడు మొదలెట్టకండి."

వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయాడు. ఒల్మేదోకి చెంప మీద కొట్టినట్టయింది. ఎలియేసర్ రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. చిన్నప్పుడు బెనిగ్నో ఆట చూడటానికే నది దాటి వచ్చేవాడతను.

"మామయ్యా, ఆయన కళ్ళకేం కాలేదన్నారు. మీరు ఊరికే అనరు. మరి ఏమైంది?"

"ఏమవుతుంది? నువ్వు బాగా విసిరావు, వాళ్ళు ఓడిపోయారు. తినేవాళ్ళని తిననివ్వు," అంది యారిసెల్ గబగబా.

"నేను నిన్నడగలేదు."

గోడ అవతల దోన్యా ఫుల్వియా చీపురు ఆపేసింది. ఎదిల్సా వంటింట్లోంచి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తండ్రినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది.

"వారం నుంచీ చూస్తున్నా, తండ్రీ కూతుళ్ళిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తిరుగుతున్నారు. చెప్పెయ్యవయ్యా. ఏదైతే అదవుతుంది."

ఒల్మేదో చెప్పేశాడు. మోచేయి సంగతి, కూతురు అడిగిన సంగతి, తను తలూపిన సంగతి, ఏదీ దాచలేదు. వింటున్నంతసేపూ ఎలియేసర్ తన ఎడమ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

"అయితే నిన్న నేను గెలవలేదన్నమాట," అన్నాడు చివరికి. "మీరు బిచ్చం వేశారు."

"అలా అనకు, బాబూ."

"ఎలా అనమంటారు? పొద్దున లేచిన దగ్గర్నుంచీ మీసం మెలేస్తున్నాను. ఆ పెద్దమనిషి నా వల్ల తన కళ్ళు పోయాయనుకుంటున్నాడు. నేనేమో కళ్ళజోళ్ళ జోకులేస్తున్నాను!" భార్య వైపు తిరిగాడు. "యారిసెల్, నీకు నా మీద ఇంతేనా నమ్మకం?"

"నమ్మకం లేక కాదు. భయమేసింది."

"దేనికి? నేను ఓడిపోతే నీకేమవుతుందని?"

ఆమె ఏడవడం మొదలెట్టింది. అతను లోపలికి వెళ్ళి సంచీ సర్దుకుని వచ్చాడు. ఆదివారం దాకా గ్వరారేలో అమ్మ దగ్గర ఉంటానన్నాడు. ఒల్మేదో గేటు దాకా వెంట వెళ్ళాడు.

"అల్లుడూ, ఆ మోచేయి ఎలా సరిచేసుకోవాలో..."

"వద్దు మామయ్యా. మీరు వాళ్ళ కోచ్. ఇవాళే వెళ్ళి మీ పిల్లలకి చెప్పండి. ఒక్క ముక్క కూడా దాచకండి. నా సంగతి నేను చూసుకుంటాను."

మధ్యాహ్నం మైదానం పక్క షెడ్డులో ఒల్మేదో తన ఆటగాళ్ళని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. నిన్నటికి ముందే తనకి తెలుసని కూడా చెప్పాడు. ఈ ఆట అయ్యాక తన కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమన్నాడు. ఒక కుర్రాడు టోపీ నేలకేసి కొట్టి, "మమ్మల్ని అందరి ముందూ కోతుల్ని చేశారు," అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు ఆదివారం దాకా ఒల్మేదోతో మాట్లాడలేదు, మాట్లాడకపోవడం న్యాయమే. బెనిగ్నో మాత్రం ఆ టోపీ తీసి దులుపుతూ, "అడిగింది అమ్మాయా?" అన్నాడు.

"ఆఁ, అమ్మాయే."

"మా పెద్దది అడిగుంటే నేను బ్యాటే విరిచి పొయ్యిలో పెట్టేవాణ్ణి. మీరు నయం." అని లేచి, "నా బ్యాటు మీ ఇంట్లో ఉండిపోయింది మాస్టారూ, రేపు తెచ్చిపెట్టండి," అన్నాడు.

ఆదివారం ఆట మిట్టమధ్యాహ్నం మొదలైంది. ఎలియేసర్ మోచేయి డొక్కకి అతికించినట్టు నిలబడ్డాడు. ఒల్మేదో పిల్లలు కళ్ళు పొడుచుకుని చూసినా ఏమీ దొరకలేదు. కాసేపయ్యాక మోచేయి బయటికి వచ్చింది. కొట్టేవాడు మెల్లబంతి కోసం కాచుకుంటే, బుల్లెట్టు లాంటి బంతి వాడి ముందునుంచి దూసుకుపోయింది. మళ్ళీ మోచేయి, మళ్ళీ వేగం. అవతలి జిల్లా జనం ఈలలు వేశారు.

"దొంగవెధవ!" అని ఒల్మేదో పకపకా నవ్వాడు. బెంచీ మీదివాళ్ళు ఆయనకి మతి పోయిందేమో అన్నట్టు చూశారు. అతనికి మాత్రం వారం తర్వాత మొదటిసారి ఊపిరాడింది.

ఆట చివరికొచ్చేసరికి ఎర్రేరా ఒక్క పరుగు వెనకబడి ఉంది. వాళ్ళ ఆటగాళ్ళిద్దరు మైదానంలో సగం చుట్టు దాకా చేరుకుని, మిగతాది పరిగెత్తడానికి కాచుకుని ఉన్నారు. బెనిగ్నో వంతు వచ్చింది. ఒల్మేదో అతని భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"మోచేయి చూడకు. నేను చెప్పిందంతా మర్చిపో. బంతి చూడు. నీ కళ్ళకేం కాలేదు."

ఎలియేసర్ మెల్లబంతి వేశాడు. మోచేయి కదల్లేదు, భుజం కదల్లేదు, అంత చక్కటి బంతి ఆ ఏడాదిలో అతను వేసి ఉండడు. బెనిగ్నో ఆగాడు. ఇంకా ఆగాడు. అప్పుడు కొట్టాడు. ఆ చప్పుడుతోనే ఒల్మేదోకి అర్థమైపోయింది, మైదానం వెనకాల పరిగెడుతున్నవాడికి అది అందదని. ఆ ఇద్దరూ చుట్టు పూర్తి చేసి రెండు పరుగులు తెచ్చారు. ఎర్రేరా గెలిచింది. మెక్సికో మనిషి ఎలియేసర్‌ని కలవకుండానే, టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

హారన్లు మోగిస్తూ ఊరేగింపు పార్కు వైపు పోతుంటే, ఒల్మేదో తన గేటు దగ్గర దిగిపోయాడు. చొక్కా నిండా బీరు వాసన. పెరట్లో యారిసెల్ ఒంటరిగా కూర్చుని ఉంది. తండ్రిని చూసి లేచింది.

"నాన్నా, అడగకూడనిది అడిగాను."

"ఇవ్వకూడనిది నేనిచ్చాను. నీ పుట్టినరోజులకి రాని పాపం, మా కుర్రాళ్ళ నెత్తిన రుద్ది కడుక్కుందామనుకున్నాను. తప్పు నాదేనమ్మా."

"అతను వస్తాడంటావా?"

ఎవరి వీపు చూసినా ఏం జరగబోతోందో చెప్పగలిగిన మనిషి, ఈ ఒక్కటీ చెప్పలేకపోయాడు. ఇద్దరూ గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎదిల్సా కాఫీ పెట్టింది, ఎవరూ తాగలేదు. చాలాసేపటికి నది వైపునుంచి వచ్చే బస్సు మలుపులో ఆగింది. ఎలియేసర్ సంచీ భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు. గోడ దగ్గరున్న దోన్యా ఫుల్వియా నోరు తెరిచి, ఏమనుకుందో ఏమో, మూసుకుని లోపలికి పోయింది.

"కప్పు వచ్చింది కదా మామయ్యా," అని అతను ఒల్మేదోని గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఆ బంతి నేను బాగానే వేశాను. ఆయన ఇంకా బాగా కొట్టాడు."

"అంత మంచి బంతి నువ్వెప్పుడూ వెయ్యలేదురా!"

"తెలుసు. అందుకే వచ్చాను."

యారిసెల్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ముఖం నిండా కన్నీళ్ళు, తుడుచుకోలేదు.

"నువ్వు ఓడిపోతే నేనేమైపోతానో అని చచ్చేంత భయపడ్డాను," అంది. "ఇవాళ నా కళ్ళముందే ఓడిపోయావు. నాకేమీ కాలేదు, ఎలియేసర్."

అతను సంచీ కింద పెట్టాడు.

"నాకైంది. భుజం పచ్చిపుండులా ఉంది. కాస్త నూనె రాస్తావా?"

ఏడుస్తూనే నవ్వుతూ అతని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఒల్మేదో కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. చల్లారిన కాఫీలు తీసుకుపోవడానికి వచ్చిన ఎదిల్సా ఆగిపోయింది.

"నువ్వెందుకయ్యా ఏడుస్తున్నావు? గెలిచావుగా?"

"గెలిచినందుకే," అన్నాడు ఒల్మేదో, తల ఎత్తకుండానే.

ఆమె నమ్మలేదు. కప్పులు బల్ల మీద పెట్టేసి, అతని పక్కన కూర్చుంది.