ఇరవై ఎనిమిది రోజుల కాగితం

ఆ సోమవారం పొద్దున కూడా మాస్టారు స్టవ్ ముందు నిలబడి, గిన్నెలో మరుగుతున్న ఆకుల మీద నుంచి చూపు తిప్పకుండా ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఇప్పుడాయన లోకమంతా ఈ కషాయమే. పెరటి గోడవారన తనే పెంచిన మొక్క, తనే కుదిర్చిన కొలత. నీళ్లు మూడో వంతుకు దిగాక పలచటి గుడ్డలో వడగట్టి గ్లాసులో పోశారు.

"ఏమోయ్, వేడి తగ్గకముందే తాగెయ్!"

ఆయన భార్య వచ్చి గ్లాసు అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. తాగాక గోడకు చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

"మోకాళ్లెలా ఉన్నాయి?"

"దూదిపింజల్లా ఉన్నాయండీ" అంది నవ్వు తెచ్చుకుని.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కూతురు ఆ మాటకు తలెత్తి చూసింది. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఆ ఇంట్లో ఆమె అమ్మడే. తల్లి ముంజేతుల మీద ఎర్రటి గోటి గీతలు కనపడ్డాయి.

"ఏంటమ్మా ఆ గీతలు?"

"దోమలే."

"ఈ చలిలో దోమలెక్కడివి?"

"నీతో మాట్లాడితే లాయరుతో మాట్లాడినట్టే. పనికి వేళయింది, వెళ్లు తల్లీ."

అమ్మడు వెళ్లింది. కానీ ఆ గీతలు ఆమె వెంటే వచ్చాయి.

ఆమె పనిచేసేది ఊరి చివర కిటికీలు లేని పొడవాటి భవనంలో. మందులూ రసాయనాలూ మొక్కల సారాలూ మనిషి దాకా రాకముందు అక్కడ ఎలుకల మీద పరీక్షకు వస్తాయి. రోజూ అదే వేళకు వాటికి మందు పట్టడం, వారానికోసారి తూచడం, మిగిల్చిన తిండిని లెక్క కట్టడం, కళ్లూ బొచ్చూ నడకా చూసి రాయడం ఆమె పని. పన్నెండేళ్లుగా చేస్తోంది. ఎలుకను పట్టుకునే తీరులోనే దాని ఒంట్లో నలత పసిగట్టగలదని తోటివాళ్లు అంటారు.

నాలుగు నెలల కిందట నలభై ఒకటో నంబరు సీసా ఆమె చేతికొచ్చింది. పేరు లేదు, నంబరే. మూత తీయగానే తడిసిన ఇనుము లాంటి వాసన గుప్పుమంది. ఆ వాసన ఆమెకు రోజూ పొద్దున్నే ఇంట్లో తగిలేదే. నాన్న కషాయాన్ని ఒక మందుల కంపెనీ మార్కెట్లోకి తెస్తానందనీ, ఎక్కడికో పరీక్షకు పంపిందనీ తెలుసు. ఆ 'ఎక్కడికో' తన బల్ల మీదకేనని ఆ క్షణాన అర్థమైంది.

చెప్పాల్సింది. సొంతవాళ్ల సరుకైతే ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలన్నది అక్కడి నియమం. కానీ నాన్న పేరు నిలబెట్టే పరీక్ష తన చేతుల మీదుగా జరగాలన్న ఆశ ఆమె నోరు కట్టేసింది. పైగా భయపడడానికేముంది? అంతకుముందు వేరేచోట ఇరవై ఎనిమిది రోజుల పరీక్ష జరిగింది. ఒక్క ఎలుకకూ ఏమీ కాలేదు. ఆ కాగితాన్ని నాన్న అద్దం కట్టించి ముందుగదిలో తగిలించారు. ఇప్పుడు జరుగుతున్నది ఆరు నెలల పరీక్ష. నెల రోజుల్లో బయటపడనిది ఏదైనా ఉంటే తేల్చడానికే ఇది.

మూడు నెలలు ఏమీ బయటపడలేదు. నాలుగో నెలలో మొదలైంది.

ముందు నాలుగో వరస పెట్టెల్లో. అన్నిటికన్నా ఎక్కువ మోతాదు దానికే. ఆ ఎలుకలు తిండి మిగల్చసాగాయి. బొచ్చు రేగింది. వీపులు వంచుకుని మూలల్లో చేరి, ఒళ్లు ఎడతెరిపి లేకుండా గోక్కోసాగాయి. తెల్ల ఎలుకల లేత గులాబీ చెవులు మెల్లగా పసుపు తిరిగాయి. తర్వాత మూడో వరస. "మోతాదు ఎక్కువ కదా, అంతే" అని అమ్మడు తనకు తాను సర్దిచెప్పుకుంది. మొదటి వరసకు ఉత్త నీళ్లు; అవి హాయిగా ఉన్నాయి. రెండో వరసకు మనిషి తాగేపాటి మోతాదే, ఎలుక ఒంటికి తగ్గించి కట్టింది. ఆ వరస బాగున్నంతకాలం అమ్మకేం ఫరవాలేదని ప్రతి సోమవారం ఊపిరి పీల్చుకునేది.

ఆ సోమవారం రెండో వరసలో మూడో పెట్టె తెరిచి ఎలుకను అరచేతిలోకి తీసుకుంది. తేలిగ్గా వచ్చేసింది. త్రాసు చూడకముందే చెయ్యి చెప్పేసింది. చెవిని వేలికొసన పట్టుకుని దీపం వైపు తిప్పింది. పసుపు.

పక్క పెట్టె చూసింది. ఆ పక్కది చూసింది.

తెల్లవారేసరికి నాలుగో వరసలో చచ్చిన ఎలుకనొకదాన్ని అప్పుడే డాక్టరమ్మ కోసి చూస్తోంది. ఆ పరీక్షకు పెద్ద ఆవిడే. పశువైద్యం చదివిన మితభాషి. "ఇలా రా" అని పిలిచి పళ్లెంలో కాలేయాన్ని చూపించింది. నున్నగా ముదురెరుపులో ఉండాల్సింది, కుంచించుకుపోయి గరుకు గరుకుగా మచ్చలు తేలి ఉంది.

"నెల రోజుల్లో ఇది కనపడదు. కాలేయం ఓర్చుకుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది" అంది డాక్టరమ్మ.

అమ్మడు చేతి తొడుగులు తీసేసింది. "డాక్టరుగారూ, రెండో వరసలో కూడా వచ్చింది. ఇంకొకటి చెప్పాలి... ఇది మా నాన్న మందు. మా అమ్మ రెండేళ్లుగా రోజూ తాగుతోంది."

డాక్టరమ్మ చేతిలోని కత్తి కింద పెట్టింది. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచి."

"రాయాల్సింది నేను రాస్తాను. రేపటి నుంచి ఈ గదిలోకి నువ్వు రావు." గొంతులో కోపం ఉంది. ఆ కోపంలోనే, "ఇక్కడింకా నిలబడ్డావేం? మీ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లు!" అంది.

అమ్మడు ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ముందుగదిలో మాస్టారు చాప మీద కూర్చుని సీసాలకు కాగితాలు అతికిస్తున్నారు. వీధిలో పందొమ్మిది ఇళ్లకు వారం వారం ఊరికే పంచుతారాయన.

"ఏంటి తల్లీ, ఈ వేళప్పుడొచ్చావ్? ఇదిగో, ఈ మూల కాస్త నొక్కిపట్టు."

"నాన్నా, అతికించొద్దు. అమ్మ ఇక ఇది తాగకూడదు. ఎవ్వరూ తాగకూడదు."

ఆమె నిలబడే అన్నీ చెప్పింది. సీసా వాసన, చెవులు, పళ్లెంలో కాలేయం. మాస్టారి మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"నాలుగు నెలలు నా మందు నీ చేతుల్లో పెట్టుకుని ఒక్క మాటన్నా అనలేదన్నమాట!"

"తప్పే నాన్నా. నా తప్పే."

"ఆ ఎలుకలకు పీకలదాకా పోస్తే చావక ఏం చేస్తాయి? మంచినీళ్లయినా అంత పోస్తే చస్తాయి! అదిగో గోడ మీద కాగితం. నువ్వొక్కదానివే చదువుకున్నావా? అక్కడ సంతకం పెట్టినవాళ్లు చదువుకోలేదా?"

"అది ఇరవై ఎనిమిది రోజులది. అమ్మ తాగింది ఏడొందల రోజులు! మనిషి తాగేపాటి మోతాదుకే జబ్బు చేసింది నాన్నా, నా కళ్లతో చూశాను!"

"ఎలుకా మీ అమ్మా ఒకటేనా?"

అరుపులు విని తల్లి లోపలి నుంచి వచ్చింది, చీర కొంగుతో ముంజేతులు కప్పుకుంటూ. అమ్మడు ఆమె భుజం పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి, కింది రెప్పను వేలితో లాగింది.

"చూడు నాన్నా. ఒకటో కాదో నువ్వే చూడు."

మాస్టారు చూడలేదు. చూడనని మొండికేసిన పిల్లాడిలా మొహం తిప్పుకుని, చేతికందిన సీసా మూత తీశారు. "విషమంటావ్ కదూ? సరే. నీ ముందే మొత్తం తాగుతాను. నాకేమవుతుందో అదీ రాసుకో!"

సీసా పెదవుల దాకా వెళ్లింది. అంతలో తల్లి, మోకాళ్ల నొప్పని రెండేళ్లుగా నెమ్మదిగా నడిచే మనిషి, ఒక్క అంగలో వచ్చి ఆయన మణికట్టు పట్టేసుకుంది.

"వద్దండీ! మీరు తాగొద్దు!"

సీసా కిందపడి చాపంతా తడిసింది. గదిలో ఆ ఇనుప వాసన కమ్ముకుంది. మాస్టారు భార్య వేళ్ల వంక చూశారు. అవింకా తన మణికట్టును వదల్లేదు.

"ఎందుకు వద్దు?" అన్నారు.

ఆవిడ చెయ్యి తీసేసి, కొంగు మళ్లీ ముంజేతుల మీదికి లాక్కుంది.

"రోజూ నువ్వు తాగేదే కదా. నేను తాగితే ఎందుకు వద్దు?"

"అమ్మా" అంది అమ్మడు. "నీకు తెలుసా?"

తల్లి కిటికీ పక్క కుర్చీలో కూలబడింది. ఆమె మొహంలో ఏడుపు లేదు, అలసట ఉంది. "మొన్న మీరు ఆ కంపెనీ పనని పది రోజులు ఊరెళ్లారు గుర్తుందా? అప్పుడు తాగలేదు. నాలుగో రోజుకి దురద తగ్గింది. ఆరో రోజుకి ఆకలేసింది. మీరొచ్చాక మళ్లీ తాగాను, మళ్లీ మొదలైంది. నేనేమీ పెద్ద చదువులు చదవలేదు. కానీ ఆపాటి తెలీదా?"

"తెలిసీ తాగావా?" అన్నారు మాస్టారు. "ఒక్క మాట... ఒక్క మాట చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పమంటారు? రిటైరయ్యాక ఎనిమిది నెలలు మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. పలకరిస్తే పలికేవారు కాదు. నా మోకాళ్ల పేరు చెప్పి ఈ ఆకులు మొదలుపెట్టాకే లేచారు. పొద్దున్నే మీ అడుగుల చప్పుడు వినపడేది. కూనిరాగాలు తీసేవారు. నేను వద్దంటే మళ్లీ ఆ గోడవైపు తిరుగుతారేమోనని..." ఆవిడ ఆగింది. "మోకాళ్లు మొదటి నెల తగ్గినట్టనిపించాయి. ఆ తర్వాత ఎప్పుడూ తగ్గలేదండీ."

మాస్టారు తడిసిన చాప మీద మోకాళ్లతోనే పాక్కుంటూ కుర్చీ దగ్గరికి వెళ్లి, భార్య కొంగు పక్కకు జరిపి, ఆ గీతలన్నీ ఒక్కొక్కటీ చూశారు. తర్వాత కళ్లు చూశారు. ముప్పై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద కాలేయం బొమ్మ గీసిన మనిషి. ఆ పసుపు ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మడూ, బండి పిలు తల్లీ" అన్నారు.

ఆసుపత్రిలో అమ్మను చేర్చుకుని రక్తం తీశారు, పొట్ట స్కాన్ చేశారు. ఇంకో నెల ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు అక్కడి డాక్టరు. ఇప్పుడు మాత్రం చెప్పగలరా అని అమ్మడు అడిగితే, "ఆపేశారుగా, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' దగ్గరే వాళ్ల రోజులు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కంపెనీకి ఫోన్ చేసి తన మందు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. తర్వాత సంచీ తీసుకుని వీధిలోకి బయల్దేరారు. అమ్మడు వెంట నడిచింది. మొదటి గుమ్మం దగ్గర ఆయన తలుపు తట్టబోయి చెయ్యి దించేశారు. "నేను చెప్తాలే నాన్నా" అందామె.

"వద్దు. తాగించింది నేను." తలుపు తట్టి, తీసిన ఇల్లాలికి చెప్పారు. "అమ్మా, నేనిచ్చిన మందు తాగొద్దు. దానివల్ల మా ఆవిడ కాలేయం పాడైంది. మిగిలింది ఇచ్చెయ్యండి. మీరూ రక్తం పరీక్ష చేయించుకోండి."

పందొమ్మిది గుమ్మాల్లో అదే మాట. ఒకరు జాలిపడ్డారు, ఒకరు మొహం మీదే తలుపేశారు. మూలింటి టైలరు, "నాకు బాగానే పనిచేస్తోంది మాస్టారూ, సీసా ఉంచెయ్యండి" అని బతిమాలుతూ మెడ గోక్కున్నాడు. మాస్టారు ఆ చేతిని పట్టుకుని ఆపారు. అతని కళ్లలోకి చూసి, ఇంకేమీ అనకుండా బండెక్కించి తనతో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అతని మంచం అమ్మ వార్డుకు రెండు గదుల అవతల పడింది.

అమ్మడికి నియమం తప్పినందుకు హెచ్చరిక కాగితం వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది.

రెండు వారాలు అమ్మ రక్తంలో అంకెలు పెరుగుతూనే పోయాయి. మాస్టారు వరండాలో బల్ల మీదే ఉండేవారు. ఎవరితోనూ మాట్లాడేవారు కాదు, కానీ గోడవైపు తిరగలేదు. తలుపువైపే చూస్తూ కూర్చునేవారు. మూడో వారంలో అంకెలు ఆగాయి. ఆ పై సోమవారం, మొదటిసారి, కాస్త తగ్గాయి. టైలరువి ఇంకా తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం మాస్టారు ఇంటికెళ్లి, డాక్టరు రాసిచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, కూరగాయల సూపు కాచి డబ్బాలో తెచ్చారు. చెంచాతో నోటికందించి ఆత్రంగా చూశారు. ఆవిడ మింగి మొహం చిట్లించింది.

"ఎలా ఉంది?"

ఆవిడ అలవాటు కొద్దీ తలూపబోయింది. ఆయన మొహంలోకి చూసి ఆగింది. డబ్బాను పక్కకు నెట్టేసింది.

"బాగాలేదండీ. కూరలు ఉడకలేదు. నాకొద్దు."

మాస్టారు చెంచా డబ్బాలో వదిలేశారు. ఎన్నేళ్ల కాపురమో అది; ఆ మాట వినడం ఆయనకిదే మొదలు. డబ్బా కిందపెట్టి, భార్య చేతిని రెండు కళ్లకూ అద్దుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు.

"వద్దులేవే. వద్దంటే వద్దు" అన్నారు ఆ ఏడుపులోనే. "ఇంకేం వద్దో చెప్పు. అన్నీ చెప్పు. వింటాను."

ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసి, మెల్లగా ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మడు లోపలికి రాకుండా, తలుపు దగ్గరకు వేసింది.