గడియ వెనక జెయింట్ వీల్

గలగల! గలగల!

భవ్యశ్రీ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల జెయింట్ వీల్ ఉంది. ఇంకా ముక్కలుముక్కలుగా ఉంది, అంతే!

కొత్త బిల్డింగ్ సెట్ వస్తే భవ్యకు ఒక పద్ధతి ఉంది. ముందు డబ్బా ఊపి చప్పుడు వినాలి. తర్వాత పాత దుప్పటి పరవాలి. వంటింట్లోంచి ఇడ్లీ రేకులు తెచ్చుకోవాలి. ఎర్ర ముక్కలు ఒక గుంటలో, పసుపువి ఒక గుంటలో, చిన్నచిన్న చక్రాలు ఇంకో గుంటలో వెయ్యాలి. ఆఖరున తలుపు గడియ పెట్టాలి. బొమ్మ పూర్తయ్యేదాకా తీయకూడదు. సగంలో ఎవరైనా చూస్తే దిష్టి!

ఒకసారి తమ్ముడు చైతు సగంలో చూశాడు. కోట గోడ కూలిపోయింది. నిజానికి తగిలింది భవ్య మోచెయ్యే. నేరం మాత్రం చైతు మీద పడింది.

"అక్కా, ఒక్క కన్నుతో చూస్తానే!" తలుపు అవతల చైతు బతిమాలాడు.

"ఒక్క కన్నుకి సగం దిష్టి. పో!"

"భవ్యా, రాత్రికి ఇడ్లీ వెయ్యాలి. నా రేకులు ఇచ్చెయ్!" అమ్మ కేక.

"అయిపోవచ్చిందమ్మా!"

చక్రం నిలబడింది! పిడి తిప్పితే కిర్రుమంటూ కదిలింది. ఇక బుట్టలు తగిలించడమే.

టక్ టక్.

"భవ్యా, నేనే. దర్వాజా ఖోల్!"

ఎదురు ఫ్లాట్ నేహా. వాళ్ళు ఇంట్లో హిందీ మాట్లాడతారు. భవ్యతో తిరిగి తిరిగి నేహాకు కొంచెం తెలుగు వచ్చేసింది.

"ఇప్పుడు కాదు! బుట్టలు పెడుతున్నా. సాయంత్రం పార్కులో కలుద్దాం!"

"ఒక్క నిమిషం, యార్."

"నహీఁ! దిష్టి!"

తలుపు మీద ఇంకొక్కసారి టక్‌మంది.

"ఠీక్ హై. వెల్తున్నా," అంది నేహా.

"జా, జా!" అని నవ్వి, భవ్య ఎర్ర బుట్ట తగిలించింది. తర్వాత నీలం బుట్ట. తర్వాత పచ్చది.

"నేహా వచ్చిందా? ఏమంది?" అమ్మ అడిగింది.

"వెళ్తున్నా అంది."

"వెళ్తున్నా అందా? వెళ్ళొస్తా అనలేదూ?"

భవ్య చెయ్యి ఆగిపోయింది.

వాళ్ళింట్లో ఎవరూ 'వెళ్తున్నా' అనరు. చెత్తబుట్ట బయట పెట్టి రావడానికి కూడా 'వెళ్ళొస్తా' అనే అంటారు. అలా అంటే మళ్ళీ వస్తామని. నేహాకు కూడా అమ్మే నేర్పింది. అప్పటినుంచి ఎదురింటికి వెళ్ళాలన్నా నేహా "వెల్లొస్తా ఆంటీ!" అనేది. భవ్య, చైతు ఆ 'ల్లొ'కి పడీపడీ నవ్వేవాళ్ళు.

నేహా వాళ్ళ నాన్నకు లక్నో ట్రాన్స్‌ఫర్ అయింది.

"కానీ వాళ్ళు వెళ్ళేది ఆదివారం కదమ్మా?"

అమ్మ బాల్కనీలోకి పరుగెత్తింది. "సామాన్ల లారీ ఇవాళే వచ్చేసిందే భవ్యా! కారు కూడా గేటు దగ్గరే ఉంది!"

భవ్య గడియ మీద చెయ్యి వేసింది. ఇంకా ఒక్క పసుపు బుట్ట మిగిలే ఉంది. ఇప్పుడు తీస్తే దిష్టి.

తీసేసింది.

తలుపుకు ఆనుకుని ఉన్న చైతు దబ్బున లోపల పడ్డాడు. రెండు చేతులతో కళ్ళు మూసేసుకున్నాడు. "నేను చూళ్ళేదు! నేను చూళ్ళేదు!"

"చూడరా బాబూ! చూసి, ఆ పక్క పట్టుకో!"

భవ్య పసుపు బుట్టను జేబులో వేసుకుంది. ఇద్దరూ జెయింట్ వీల్ ఎత్తుకుని లిఫ్ట్ వైపు పరుగెత్తారు. లిఫ్ట్ ఎంతకీ రాదే! వచ్చింది. దిగింది. కారు స్టార్ట్ అయింది.

"నేహా! రుకో, రుకో!"

కారు ఆగింది. వెనక కిటికీ దిగింది. నేహా ముక్కు ఎర్రగా ఉంది. చక్రాన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అరే, ఇంకా పూరా కాలేదుగా! దిష్టి?"

"తగిలితే తగలనీ. ఆఖరిది నువ్వు పెట్టు."

నేహా కిటికీలోంచి చెయ్యి చాపి పసుపు బుట్ట తగిలించింది. టక్! భవ్య పిడి తిప్పింది. ఎరుపు, నీలం, పచ్చ, పసుపు అన్నీ కలిసి గిర్రున పైకి లేచాయి!

"తిరిగింది! తిరిగింది!" చైతు గెంతాడు.

"అరే వాహ్!" అన్నాడు వాచ్‌మన్ భయ్యా. బీరువా మోస్తున్న ఇద్దరు మనుషులు కూడా ఆగి చూశారు.

ముందు సీట్లోంచి నేహా వాళ్ళమ్మ "చలేఁ, బేటా?" అంది.

"వెల్..." నేహా ఆగిపోయింది.

భవ్య కిటికీ అద్దం గట్టిగా పట్టుకుంది. "సరిగ్గా చెప్పు."

"వెల్లొస్తా," అంది నేహా.

ఈసారి భవ్య నవ్వలేదు. "తప్పకుండా రా," అంది.

ఆ తర్వాత పుట్టినరోజుకు భవ్యకు కొత్త సెట్ వచ్చింది. గలగల! దుప్పటి పరిచింది. ఇడ్లీ రేకులు తెచ్చింది. తలుపు దగ్గరకు వెళ్ళింది. గాలికి మూసుకుపోకుండా దాని కింద తన చెప్పు పెట్టింది.

గుమ్మంలో ఒక తల కనిపించింది.

"అక్కా, రెండు కళ్ళతో చూడొచ్చా?"

"చూస్తూ నించుంటే ఎలారా? రా, పసుపువి నువ్వు ఏరు!"