తలుపు చప్పుడు చాలా సహజంగా ఉంది

మూడింటి ఆటకు ఇంకా అరగంట ఉండగానే టిక్కెట్టక్క, వాళ్ళ వదిన సినిమా హాలు మెట్లెక్కారు. ఎండ కళ్ళల్లో పొడుస్తోంది. ఎవరి మోకాళ్ళు వాళ్ళు పట్టుకుని, ఒకరి మోకాళ్ళ గురించి ఒకరు జాలిపడుతూ ఎక్కారు.

టిక్కెట్టక్క అని ఊరంతా ఇప్పటికీ పిలుస్తారు గానీ, ఆవిడ టిక్కెట్లు అమ్మడం మానేసి పన్నెండేళ్ళయింది. ఇరవై మూడో ఏట ఆ చిన్న కిటికీ వెనక కూర్చుంది, యాభై దాటాక లేచింది. వచ్చే నెల ఆ హాలును సిమెంటు గోడౌనుకు ఇచ్చేస్తున్నారట. అందుకని ఊళ్ళో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు పదిమంది కలిసి, మేడమీద రేకు డబ్బాల్లో దొరికిన ఒక పాత సినిమా వేస్తున్నారు. నలభై ఏళ్ళనాటి హత్య సినిమా. చేతిలో డబ్బు లేనివాళ్ళెవరో అప్పూసప్పూ చేసి ఒకే ఇంట్లో తీసిన సినిమా.

లోపలికి వెళ్ళే దారిలో బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టారు. చూడగానే టిక్కెట్టక్క గుర్తుపట్టింది. సినిమా చూసి వచ్చినవాళ్ళు అభిప్రాయం రాసే పుస్తకం. ఆ రోజుల్లో రోజూ దాని దుమ్ము దులిపింది తనే. కానీ లోపల ఏం రాశారో ఏనాడూ తెలియలేదు, చదువు రాదు మరి. అరవయ్యో ఏట కోడలు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. అప్పటినుంచీ కనబడ్డ కాగితమల్లా చదవడమే.

"కూడబలుక్కుని నువ్వు చదివేలోపు లోపల హంతకుణ్ణి పట్టుకుని ఉరి కూడా తీసేస్తారు. పద," అంది వదిన.

"ఉండు వదినా. ఎంత ముద్దుగా రాశారో చూడు."

ఆ సినిమా ఆడిన రోజుల పేజీలు తీసి, పైన వేసిన తేదీలతో సహా వేలు పెట్టి మెల్లగా చదివింది.

'హంతకుడి మీసం రెండో రీల్లో కుడివైపు ఊడింది, మూడో రీల్లో ఎడమవైపు. మిగతాదంతా బాగుంది.'

'చచ్చిపోయినాయన ఊపిరి పీలుస్తున్నాడు. అనుమానం తీరక రెండుసార్లు చూశాను.'

'వాన ఒక్క కిటికీకే కురిసింది. పక్క కిటికీలో ఎండ.'

'హంతకుడెవరో మా ఆవిడ సగంలోనే చెప్పేసింది. ఇంక ఆవిడతో సినిమాలకు వెళ్ళను.'

వదిన కిసుక్కున నవ్వింది. టిక్కెట్టక్క కూడా నవ్వుతూనే పేజీ తిప్పింది. తిప్పి, ఆగిపోయింది.

'చివర్లో తలుపు కొట్టే చప్పుడు చాలా సహజంగా ఉంది.'

దాని కింద ఇంకొకటి. 'ఆఖరి రీల్లో తలుపు చప్పుడుకు మా గుండెలు జారిపోయాయి. శభాష్.' తర్వాతి పేజీ, ఆ తర్వాతి పేజీ, చివరిదాకా అందరూ అదే మెచ్చుకున్నారు.

టిక్కెట్టక్క పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "నువ్వు చెప్పింది నిజమే వదినా. ఇదిగో, రాసి ఉంది."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

సంగతేమిటంటే, ఆ సినిమా మొదట ఆడినప్పుడు హాలు యజమాని ఒక పద్ధతి పెట్టాడు. ఆఖరి రీలు మొదలవగానే తలుపుకు బయటినుంచి తాళం వెయ్యాలి. హంతకుడెవరో తెలిసేదాకా లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. మధ్యలో లేచివెళ్ళినవాడు బయట నలుగురికీ చెప్పేస్తే మర్నాడు ఎవరొస్తారని ఆయన భయం. తాళం వేసే పని కొత్తగా చేరిన టిక్కెట్టక్కది. తాళం వేసి, తలుపు పక్కనే స్టూలు మీద కూర్చునేది. లోపలి మాటలూ చప్పుళ్ళూ కలగాపులగంగా వినబడేవి.

అయిదో రోజు మధ్యాహ్నం ఆటకు లోపలినుంచి తలుపు చప్పుడైంది. టక్ టక్ టక్ అని. సినిమాలోది కాబోలు అనుకుంది. ఆగకుండా చాలాసేపు వినబడింది. ఆట అయ్యాక తాళం తీస్తే, తలుపుకు ఆనుకుని ఒక నడివయసు ఆడమనిషి పడి ఉంది. ఒంటరిగా వచ్చిన మనిషి. ఊపిరి అందక పోయిందన్నారు. చేతివేళ్ళ కణుపులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ రాత్రి టిక్కెట్టక్క అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. అప్పుడు వదినే పక్కన కూర్చుని చెప్పింది. "పిచ్చిదానా, నేను ఆ సినిమా నాలుగుసార్లు చూశాను. చివర్లో తలుపు కొట్టే సీను ఉంది. నువ్వు విన్నది అదే."

ఆ ఒక్క మాట పట్టుకునే నలభై ఏళ్ళు బతికింది టిక్కెట్టక్క. తాళం పని అప్పుడే ఇంకొకరికి వదిలేసింది. ఆఖరి రీలు మాత్రం ఎన్నడూ చూడలేదు, ఆ వేళకు తలుపు దగ్గరికే పోలేదు. ఇవాళ కళ్ళారా చూసి, చెవులారా విని, ఆ భారం ఇక్కడే దించుకుని పోదామని వచ్చింది.

హాల్లో ముప్ఫైమంది కూడా లేరు. తడిసి ఆరిన కొబ్బరిపీచు వాసన, ఎలుకల వాసన. పక్క తలుపుకు అడ్డంగా విరిగిన కుర్చీలు పేర్చేశారు. ఇక మిగిలిన దారి వెనక తలుపొక్కటే. ఇద్దరూ దాని దగ్గరి వరసలోనే కూర్చున్నారు. దీపాలు ఆర్పారు. బయట అంత ఎండ ఉందన్న సంగతే మనసు మర్చిపోయింది.

సినిమా మొదలైంది. మనుషుల పెదాలు ముందు కదులుతున్నాయి, మాటలు తర్వాత వస్తున్నాయి. మీసం నిజంగానే ఊడింది. జనం పడీపడీ నవ్వారు. టిక్కెట్టక్క కూడా నవ్వింది కాసేపు.

తర్వాత ఒక చిన్న సంగతి ఆవిడ కంటబడింది. ఆ ఇంట్లో వంటగదికి పరదా ఉంది. పడకగదికీ పరదాయే. హత్య జరిగిన గదికి, మెట్ల కిందికి, చివరికి వీధి గుమ్మానికి కూడా పరదాలే వేలాడుతున్నాయి. తలుపులు చేయించే స్తోమత లేదు కాబోలు పాపం.

మరి కొట్టేది దేన్ని?

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కొత్త గుమ్మం కనబడినప్పుడల్లా ముందుకు వంగి చూసింది. ప్రతిసారీ పరదాయే.

వెనక తలుపు మూసుకుంది. బయట ఖణేలుమని తాళం పడింది.

"అదేంటి వదినా, తాళం వేశారా?" గుసగుసగా అడిగింది.

"పాత పద్ధతేనట. సరదాకి. బయట కాపలా మనిషున్నాడులే."

ఆఖరి రీలు. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పోలీసాయన మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ గదికీ పరదాయే.

"వదినా... తలుపు ఎప్పుడు కొడతారు?"

వదిన తెరకేసే చూస్తోంది.

"వదినా."

చీకట్లో వదిన చెయ్యి వచ్చి ఆవిడ చేతిని పట్టుకుంది.

"లేదే," అంది వదిన. "ఆ సినిమాలో తలుపు లేదే. నువ్వు తిండి మానేసి గోడకేసి చూస్తుంటే... నాకేం చెయ్యాలో తోచలేదు. నోటికొచ్చింది చెప్పాను. తిట్టుకో నన్ను."

"మరి ఆ పుస్తకంలో అందరూ..."

అడుగుతూ ఉండగానే ఆవిడకు గుర్తొచ్చింది. మొదటి నాలుగు రోజుల పేజీల్లో తలుపు ఊసే లేదు. అయిదో రోజునుంచి ఉంది. ఆ తర్వాత రోజూ ఉంది. సినిమా ఎత్తేసేదాకా.

టక్.

టక్... టక్.

ముందు వరసలో ఎవరో, "భలే పెట్టారురా సౌండు ఆ రోజుల్లోనే," అన్నారు. ఇంకెవరో ష్ అన్నారు.

తెర మీద పోలీసాయన పెదాలు కదులుతున్నాయి. చప్పుడు అక్కణ్ణించి రావడం లేదు. వెనకనుంచి వస్తోంది. తలుపు దగ్గరనుంచి. బయటనుంచి కాదు... లోపలివైపు నుంచి.

టిక్కెట్టక్క లేచింది. వదిన కొంగు పట్టుకుని లాగింది. "వద్దే... వద్దు." విడిపించుకుని వెళ్ళింది. నాలుగడుగులు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

చెక్క మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

టక్ టక్ టక్. సరిగ్గా అరచేతి కింద. తన భుజమంత ఎత్తులో.

"ఎవరమ్మా..." అంది.

టక్ టక్. ఈసారి నడుమంత ఎత్తులో.

తర్వాత మోకాలంత ఎత్తులో.

కొట్టే మనిషి ఒంట్లో సత్తువ పోయి, తలుపును పట్టుకుని కిందికి జారిపోతున్నట్టు... ఇంకా కిందికి... నేలకు ఆనుకుని ఒక్కసారి.

టక్.

ఇంక లేదు.

"బాబూ! తలుపు తియ్యి!" టిక్కెట్టక్క కేక వేసిందనుకుంది. వచ్చింది ఊపిరే. గుప్పిట బిగించి తలుపు బాదింది. బయట కాపలా మనిషి ఉన్నాడు, బీడీ వాసన కూడా వస్తోంది. వింటున్నాడు. వింటూ కూర్చున్నాడు. తను కూర్చోలేదూ, అలాగే. గాలి చాలడం లేదు. తలుపును పట్టుకునే కిందికి జారి, నేల మీద కూలబడి, అక్కణ్ణించే కొట్టింది... కొడుతూనే ఉంది...

దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. తాళం తీసిన చప్పుడైంది, తలుపు తెరుచుకుంది, పగటి వెలుతురు ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

కాపలా మనిషి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అదేంటక్కా... నువ్వు మళ్ళీ లోపలికెప్పుడొచ్చావు?"

"మళ్ళీ ఏంట్రా?" అంది వదిన. మరదల్ని లేవదీస్తోంది.

"ఇందాకే కదా తలుపు కొట్టింది! అందరూ సినిమాలో చప్పుడంటున్నారు గానీ, నాకు మనసొప్పలేదు. బార్లా తీశాను. బయటికొచ్చావు. ఊపిరాడట్లేదన్నావు. వేళ్ళన్నీ కందిపోయున్నాయి, మంచినీళ్ళిచ్చాను, తాగావు. మళ్ళీ తాళం వేసి నేనే ఆటో ఎక్కించాను. ఇల్లెక్కడో మర్చిపోయానంటే ఆటోవాడికి దారి కూడా నేనే చెప్పాను కదక్కా!"

టిక్కెట్టక్క, వదిన మొహమొహాలు చూసుకున్నారు. నాలుగడుగుల దూరంలో కూర్చున్న వదిన తలుపు తెరుచుకోవడం చూడలేదు. చీకట్లో గీతంత వెలుతురు కూడా పడలేదు.

జనం వాళ్ళను తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, పుస్తకంలో అభిప్రాయాలు రాయడానికి వరసలో నిలబడ్డారు.

వదిన సంచిలో ఫోను మోగింది. ఇంటినుంచి, టిక్కెట్టక్క కోడలు. ఆ పిల్ల నెలల బిడ్డతో ఇంట్లో ఒక్కతే ఉంది. ఫోను చెవిన పెట్టుకునే ఓపిక లేక వదిన స్పీకరు నొక్కింది.

"పెద్దత్తయ్యా, మీరింకా బయల్దేరలేదా? అత్తయ్య వచ్చి అయిదు నిమిషాలయింది. ఎందుకో మనిషి బాగాలేదు, చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. కాసేపు పడుకోండంటే వినకుండా పాపని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. వీధి తలుపుకూ పెరటి తలుపుకూ లోపల గడియలు పెట్టించారు. ఏమైంది అక్కడ?"

టిక్కెట్టక్క ఫోను మీదికి వంగింది. "అమ్మాయ్..." అనబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు.

అప్పుడు ఫోనులో, కోడలి వెనకనుంచి, టిక్కెట్టక్క గొంతే, అచ్చంగా ఆవిడ గొంతే, నెమ్మదిగా, ముద్దుగా అడిగింది.

"ఎవరమ్మా, మీ పెద్దత్తేనా? సినిమా అయిపోయిందటా? చివరికి చంపింది ఎవరో చెప్పమను."